మూడో మలుపు దగ్గర

1967 ఫిబ్రవరి ఏడు, మంగళవారం. ఆ రాత్రి నిమ్మరసం పిండి పంచదార చల్లిన అట్లు తిన్నారు. లెంట్ ఉపవాసాల ముందు మంగళవారం కవెంట్రీలో ప్రతి ఇంట్లోనూ తినేవే. థెల్మాకి మాత్రం ఆ తేదీ గుర్తుండిపోయింది. పెనం ముందు నిలబడి, తనకోసమని ఆఖరి అట్టు తిప్పుతూండగా భర్త రేమండ్ ఆ మాట అన్నాడు.

"ఈసారి మా బొమ్మకార్ల క్లబ్బులో చెక్క కార్ల పందెం పెట్టారు. బాడీ చేత్తో చెక్కాలట. మీ నాన్న పనిముట్లు నీ దగ్గరున్నాయిగా, ఓ చెయ్యి వెయ్యి."

ఆమె తలూపేలోగా అట్టు అత్తగారి పళ్ళెంలోకి వెళ్ళిపోయింది.

ఓ చెయ్యి అన్నది రెండు చేతులయింది. థెల్మా తండ్రి ఫౌండ్రీలో పోత పనికి చెక్క అచ్చులు చేసేవాడు. ఆయన దాచుకున్న పసుపు పైన్ దిమ్మ ఒకటి ఆమె దగ్గర మిగిలింది. పదేళ్ళ కిందటి ఆకుపచ్చ వాన్‌వాల్ రేసు కారు బొమ్మని పత్రికలోంచి దించుకుని, అరచేతిలో ఇమిడేంత చేసి, ఆ పొడుగాటి ముక్కుని రోజుకి కాస్త చొప్పున బయటికి తీసింది. షెడ్డు రేమండ్‌ది. మోటారూ చక్రాలూ బిగించే పని అతనిది, అది అక్కడ బల్ల మీద తీరిగ్గా సాగేది. పనయ్యాక తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకునేవాడు. ఆమెది వంటింట్లో గిన్నెలారబెట్టే పలక. భోజనాల వేళకి ఉలులన్నీ తుండుగుడ్డలో చుట్టి సింకు కిందకి తోసెయ్యాలి. "గిన్నెల మధ్య ఆ పొట్టేమిటి అమ్మాయ్, నా సూపులో పడితేనో?" అనేది అత్తగారు. కారు లోపల తొలిచేటప్పుడు థెల్మా మాటిమాటికీ దాన్ని కిటికీకి అడ్డం పట్టి చూసేది. బరువుంటే పరుగెత్తదు, మరీ పల్చబడితే విరుగుతుంది. వెలుగు చెక్కలోంచి పసిపాప చెవిలోంచి కనిపించినట్టు ఎర్రగా కనిపించగానే చెయ్యి ఆపేసింది. ఆ రోజు మొదలైన గుబులు ఇక తగ్గలేదు. రేమండ్ బొటనవేలు ఆమెకి తెలుసు. గాడిలో కరెంటుతో పరుగెత్తే ఆ కార్లకి మీట నొక్కితే వేగం, వదిలితే నెమ్మది. మలుపొచ్చినా అతను మీట వదలడు. మలుపే పక్కకి తప్పుకోవాలన్నట్టు నొక్కుతాడు.

రంగు ఆరాక అతను కారుని తిప్పి తిప్పి చూసి, "మనం బాగానే చేశాం" అన్నాడు. ఆ తర్వాత బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, "క్లబ్బులో నా పేరే ఇచ్చాలే. నువ్వు చేశావంటే నవ్వుతారు. నిన్ను చూసి నవ్వితే నాకు బాధ కదా" అన్నాడు. ఆమె పనిచేసే ఆఫీసులో తను రాసిన ఉత్తరాల కింద మేనేజరు సంతకం ఉండేది. దానికెప్పుడూ నిద్ర పాడు చేసుకోలేదు. దీనికెందుకు పాడవుతోందో ఆమెకే అర్థం కాలేదు. పేరు కావాలా నాకు? కాదేమో. అది పగలకుండా ఉంటే చాలేమో. రెండింటిలో ఏది అబద్ధమో తేల్చుకోలేకపోయింది.

పందెం శనివారం మధ్యాహ్నం, చాపెల్ చర్చి వెనక హాల్లో. ఆడవాళ్ళంతా టీ బల్ల దగ్గర ఉన్నారు. థెల్మా దోసకాయ శాండ్‌విచ్‌లు కోస్తోంది. క్లబ్బు పెద్ద ఆర్నాల్డ్ ప్లేఫర్ టీ కోసం వచ్చి, ఆమె గోళ్ళ కింద ఇంకా వదలని ఆకుపచ్చ రంగు చూశాడు. ఆమె చేతులు బల్ల కిందికి పెట్టుకుంటే, చక్కెర తనే వేసుకున్నాడు.

అంతలో మూడో మలుపు దగ్గర నిలబడే మనిషికి ఫ్లూ అని తెలిసింది.

"మా ఆవిడ నిలబడుతుందిలే," అన్నాడు రేమండ్. "పడ్డదాన్ని తీసి మళ్ళీ గాడిలో పెట్టడమేగా. దానికి తెలివేం కావాలి?"

క్లబ్బులో ఒకటే కట్టుబాటు: పడ్డ కారుని ఆ మలుపు దగ్గరున్న మనిషి తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు.

కార్లు వదిలారు. మొదటి చుట్టులోనే వాన్‌వాల్ మలుపులో ఎగిరి అంచుకి కొట్టుకుంది. థెల్మా తీసి పెట్టింది. మళ్ళీ ఎగిరింది. మళ్ళీ పెట్టింది. మూడోసారి నేలమీదే పడింది. వంగి అరచేతిలోకి తీసుకుంటే ముక్కు మీద వెంట్రుకంత పగులు, వేలికి తగిలేటట్టు.

"పెట్టు థెల్మా, పెట్టు," అన్నాడు రేమండ్.

ఆమె పెట్టలేదు.

"ఏం చూస్తావ్, వాళ్ళు చుట్టు దాటేస్తున్నారు."

"పగిలింది రేమండ్. ఇంకోసారి పడితే ఉండదు."

"ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. నా కారు, నా ఇష్టం."

"కాదు," అంది థెల్మా. "ఇది నేను చేశాను."

"రేమండ్, ఇంట్లో మీట కూడా ఆవిడ చేతిలోనేనా?" అన్నారెవరో. నవ్వారు. నవ్వింది అతన్ని చూసి. అతని మొహం ఎర్రబడటం చూసి థెల్మాకి జాలేసింది. జాలేసినా కారుని గాడి వైపు చాపలేదు.

ఆర్నాల్డ్ కరెంటు ఆపేశాడు. మిగతా కార్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. "చేసినవాళ్ళు చాలంటే చాలు," అన్నాడు మామూలుగా. "ఆ కారు తప్పుకుంది. మిగతావాళ్ళు కానివ్వండి."

రాత్రి థెల్మా సింకు కింద నుంచి తుండుగుడ్డ మూట తీసి, రేమండ్ ముందు చెయ్యి చాపింది. అతను జేబులోంచి షెడ్డు తాళంచెవి తీసి ఇచ్చాడు. షెడ్డులో అతని డబ్బాలు ఒక పక్కకి జరిపి, ఉలులు వరసగా పరిచి, పగులులో జిగురు నింపి, దారంతో కట్టింది. వెనక అడుగుల చప్పుడైంది. రేమండ్ టీ కప్పుతో గుమ్మంలో నిలబడ్డాడు. పాలు మరీ ఎక్కువ పోశాడు.

"అమ్మ అడుగుతోంది, రాత్రి భోజనం ఏమిటని."

"రొట్టె ఉంది, జున్ను ఉంది. నువ్వు చూడు."

అతను దారం చుట్టిన ముక్కు వైపు చూశాడు. "అతుక్కుంటుందా?"

"తెల్లారితే గానీ తెలీదు. చల్లగాలి తగలకూడదు."

కప్పు బల్ల చివర పెట్టి వెళ్ళాడు. వెళ్తూ, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు.