స్టేషనమ్మ

సొట్టపడిన స్టీలు డబ్బాకు మూత ఒక పట్టాన పట్టదు. వంటింటి గట్టుకు ఆనించి అరచేత్తో గట్టిగా ఒక్క గుద్దు గుద్దాలి. స్టేషనమ్మ గుద్దింది. మూత దిగలేదు గానీ ఆమె చెయ్యి భుజం దాకా జివ్వుమంది. "నీ దుంప తెగ," అని డబ్బాను తిట్టి, నేలమీద పెట్టి మోకాలితో నొక్కితే అప్పుడు కూర్చుంది. లోపల వేయించి పొట్టు ఊదిన వేరుశనగ పప్పులు. అక్కకు ఇష్టం.

"నన్ను పిలిస్తే పెట్టనా, అత్తయ్యా?" అంది కోడలు జడ అల్లుకుంటూ.

"నువ్వు బిగిస్తే మళ్ళీ ఎవరికీ రాదే. అక్కయ్య వేళ్ళకి అంత బలమెక్కడిది?"

ఆ డబ్బా రోజూ నగరాన్ని దాటుతుంది. స్టేషనమ్మ ఉండేది నగరానికి ఈ చివర, అక్క ఉండేది ఆ చివర. ఆ చివరికి బస్సులో పోవడానికి ఒక పూట, రావడానికి మరో పూట పడుతుంది. అక్క మోకాళ్ళు ఏనాడో మొరాయించాయి, చెల్లెలికి సెలవు దొరకదు. అందుకని వాళ్ళిద్దరూ కలుసుకోవడం మానేసి డబ్బాను తిప్పుతున్నారు. పొద్దున ఈమె దాన్ని కండక్టరు చేతిలో పెట్టి, దారిలో ఆసుపత్రి దగ్గర పనికి దిగిపోతుంది. అది చివరి స్టాపు దాకా పోయి, అక్క ఇంటి కింద సైకిల్ షాపు వాడి ద్వారా మేడెక్కుతుంది. సాయంత్రం అదే బస్సులో తిరిగి వస్తుంది. ఖాళీగా పంపకూడదన్నది ఒక్కటే షరతు. ఇంట్లో ఏమీ లేని రోజున ఒక చొక్కా గుండీ అయినా వేసి పంపేవాళ్ళు.

రైలు వస్తే ఈ అవస్థ ఉండదు. అరగంటలో అక్క గుమ్మంలో ఉండొచ్చునట. పనయ్యాక వెళ్ళి, అక్క తలకు నూనె రాసి, పాత తగాదా ఏదో ఒకటి తవ్వుకుని కాసేపు పోట్లాడి, భోజనం వేళకు ఇల్లు చేరొచ్చు. స్టేషనమ్మ రైలు నుంచి కోరుకున్నది అంతే.

ఎప్పుడో వీధి చివర పాత ఇటుకబట్టీ స్థలంలో ఒక పెద్దమనిషి వచ్చి శంకుస్థాపన చేసిపోయాడు. నగరాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటే లైట్ రైలుకు ఇక్కడ స్టేషన్ కడతామన్నాడు. రాయి మిగిలింది. పేరులోనే లైట్ ఉంది గనక వాళ్ళు కూడా లైట్ తీసుకున్నారని వీధిలో ఒక జోకు పుట్టింది. స్టేషనమ్మ మాత్రం ఆ మర్నాడే బస్సులో, "బాబూ, స్టేషన్ దగ్గర ఆపు," అంది. బస్సంతా నవ్వింది. ఆమె రోజూ అలాగే అనేది. నవ్విన వాళ్ళే తర్వాత అనడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు కండక్టరు కూడా 'స్టేషన్' అనే అరిచాడు. ఇటుకబట్టీ అన్న పేరు ముసలివాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. మూల మీది క్షౌరశాలకు 'స్టేషన్ సెలూన్' అని బోర్డు వెలిసింది. ఈమె అసలు పేరు కూడా ఇటుకబట్టీ దారే పట్టింది.

కొంప మునిగింది కూడా అక్కడే. మొన్నామధ్య సర్వే వాళ్ళు మూడుకాళ్ళ యంత్రం నిలబెట్టుకుని, ఈ చోటును ఏమంటారని దారినపోయే వాళ్ళను అడిగారు. అడిగిన ప్రతి ఒక్కరూ స్టేషన్ అనే చెప్పారు. వాళ్ళు అలాగే రాసుకుపోయారు. కిందటి వారం పేపర్లో లైను పటం పడింది. ఇటుకబట్టీ దగ్గర ఇదివరకే స్టేషన్ ఉన్నందున కొత్తది అవసరం లేదట! సెలూన్ ఆయన సగం గీసిన గడ్డాన్ని వదిలేసి పేపరు పట్టుకుని వీధిలోకి పరుగెత్తుకొచ్చాడు. వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది.

ఇవాళ సాయంత్రం బడిలో మీటింగు. ఇంజనీరు వస్తున్నాడు. అందరూ మాట్లాడితే గోల అవుతుందని, ఒక్కరే లేచి చెప్పాలని తీర్మానించారు. మొదట స్టేషన్ అన్న నోటితోనే లేదని చెప్పించాలని సెలూన్ ఆయన పట్టుబట్టాడు. ఇంజనీరు కంట పడకుండా తన బోర్డు మీది 'స్టేషన్' అనే మాటకు పాత పేపరు కూడా అతికించాడు.

బస్సు వచ్చింది. స్టేషనమ్మ కమ్మీ పట్టుకుని, మెట్టు మీద ఒక క్షణం ఆగి ఊపిరి పీల్చుకుని ఎక్కింది. డబ్బా కండక్టరుకు ఇచ్చింది.

"ఇదిగో బాబూ, ఇవాళ్టి నుంచి నువ్వు స్టేషన్ అని అరవకు. ఇటుకబట్టీ అని కేకెయ్యి."

"ఇన్నేళ్ళ అలవాటమ్మా. ఒక్క పూటలో నోరు మార్చుకోమంటే ఎలా? అయినా మీరే కదా నేర్పింది?"

"నేర్పినదాన్నే చెప్తున్నా. మానుకో."

"సరే, మీ మాట ఎప్పుడు కాదన్నాను గనక! మరి మిమ్మల్ని ఇటుకబట్టమ్మా అని పిలవాలా?"

వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. స్టేషనమ్మకూ నవ్వొచ్చింది గానీ ముఖం ముడుచుకునే నిలబడింది. ఆ వేళలో సీటు దొరకడమంటే కలలో మాట.

ఆసుపత్రి కింది అంతస్తులో, బట్టలుతికే యంత్రాల పక్క గదిలో ఆమె కుట్టు మెషిన్ ఉంటుంది. కిటికీ లేదు. గోడవారన ఉతికిన దుప్పట్లు ఆమె తలకంటే ఎత్తుగా పేరుకుని ఉంటాయి. ఒక్కొక్కటీ రెండు చేతులతో చాచి, దీపానికి ఎదురుగా పట్టి, వెలుగు ఎక్కడ కారుతోందో చూస్తుంది. అక్కడ మాసిక వేస్తుంది. ఆమెకు ఒక పద్ధతి ఉంది. మాసిక ఎప్పుడూ పాదాల వైపే రావాలి. చిరుగు తలవైపు పడితే, తలవైపు గుర్తుగా ఉండే అంచు పట్టీని విప్పి రెండో చివరకు మార్చి కుడుతుంది. రోగి చెంపకు కుట్టు తగలకూడదు. ఈ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు. పై వార్డుల్లో పడుకున్న వాళ్ళకు దుప్పటి గురించి ఆలోచించే తీరిక ఎలాగూ ఉండదు.

మెషిన్ తొక్కుతూ సాయంత్రం చెప్పాల్సిన మాట వల్లె వేసుకుంది. అయ్యా, అక్కడ స్టేషన్ లేదు. మేం ఉత్తినే అన్నాం. 'ఉత్తినే' బాగుండదనిపించింది. ఆశకొద్దీ అన్నాం. అదీ అడుక్కున్నట్టుంది. మాటకు మాట అతకడం లేదు. దుప్పటైతే ఈపాటికి అతికి ఉండేది.

మధ్యాహ్నం దుప్పట్లకోసం వచ్చిన హెడ్ నర్సు ఆమెను చూసి ఆగిపోయింది. "ఏంటమ్మా, అంత చెమట? ముఖం అలా పాలిపోయిందేం?"

"గాలాడదు కదమ్మా ఇక్కడ."

"రోజూ ఆడదు. రోజూ ఇలా లేవు. పైన డాక్టరుగారు ఉన్నారు, ఒకసారి చూపించుకో."

"ఇవాళ కాదు తల్లీ. అక్కడ కూచుంటే ఏ రాత్రికో వదుల్తారు. నాకు మీటింగుంది. రేపు పొద్దున్నే వస్తా, ఒట్టు."

నర్సు నమ్మలేదు. కానీ పైనుంచి ఎవరో పిలుస్తున్నారు. వెళ్ళిపోయింది. స్టేషనమ్మ ఎడమ భుజాన్ని కుడిచేత్తో కాసేపు పిసుక్కుంది. పొద్దున డబ్బాను గుద్దిన పాపమని దాని మీదికే నెట్టి, మళ్ళీ మెషిన్ తొక్కింది.

సాయంత్రం బస్సు బాగా ఆలస్యంగా వచ్చింది. కండక్టరు దూరం నుంచే డబ్బా ఎత్తి చూపించాడు. "మీ అక్కగారు మేడ మీంచి కేకేశారటమ్మా. చెల్లెల్ని మీటింగులో స్టేషన్ సంగతి మొహమాటపడకుండా అడగమను అన్నారని సైకిల్ షాపాయన చెప్పాడు."

మూత కొంచెం ఎత్తి చూసింది. కమలాతొనలు. పైపొర ఒలిచి, గింజలన్నీ తీసి ఉన్నాయి. చెల్లెలి పళ్ళు కదులుతున్నాయని అక్క అలాగే పంపుతుంది. ఆ వేళ్ళతో ఎంతసేపు కూర్చుని తీసిందో. స్టేషనమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంటికెళ్ళి తినాలనుకుని మూత నొక్కింది. ఈసారి ఒక్క నొక్కుకే పట్టింది.

వంతెన దగ్గర బస్సు ఆగిపోయింది. ముందంతా బళ్ళు. అంగుళం కదలడం లేదు. హారన్లు మోగి మోగి అవే అలిసిపోయాయి. మీటింగు వేళ అయింది, దాటింది. ఆమె కమ్మీకి నుదురు ఆనించి నిలబడింది. ఆమె వాలకం చూసి ఒక కాలేజీ అమ్మాయి లేచి కిటికీ సీటు ఇచ్చింది. వద్దనే ఓపిక కూడా లేక కూర్చుంది.

రైలు కావాలని చెప్పడానికి పోతూ బస్సులో ఇరుక్కుపోయింది. ఆమెకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

ఫోన్ మోగింది. సెలూన్ ఆయన.

"ఎక్కడున్నావు వదినా? ఇంజనీరుగారు లేచి వెళ్ళిపోతానంటున్నారు!"

"వంతెన మీదున్నానయ్యా. ఎగిరి రాలేను కదా. నువ్వే చెప్పేయ్."

"నేను చెప్తే ఏం బాగుంటుంది, నా బోర్డు చూడనే చూశారు. పేపరు ఊడిపోయింది. ఆగు, ఫోన్ మైకు దగ్గర పెడతా. అక్కణ్నుంచే మాట్లాడు."

స్టేషనమ్మ ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది. వల్లె వేసుకున్నదంతా ఎగిరిపోయింది. కండక్టరు చెయ్యెత్తి బస్సులో అందర్నీ మాట్లాడొద్దన్నాడు.

"బాబూ, అక్కడ స్టేషన్ లేదు," అంది. "ఉందని అన్నది నేనే. నేనన్నానని అందరూ అన్నారు. రోజూ అంటూ ఉంటే ఎప్పటికైనా వస్తుందనుకున్నాం. అక్కడ రాయి తప్ప ఏమీ లేదు బాబూ. మా అక్క ఆ చివర ఉంటుంది. ఆమెను చూసి ఏడాది దాటింది."

అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడైంది. తర్వాత ఒక కొత్త గొంతు నెమ్మదిగా వినిపించింది. "లేదని రాసుకుంటున్నానమ్మా. పటం మారుస్తాం. ఇక్కడ స్టేషన్ వస్తుంది. కాకపోతే ఐదారేళ్ళు పడుతుంది."

"పట్టనివ్వండి బాబూ. ఉంటాంగా. ఎక్కడికి పోతాం?"

బడిలో చప్పట్లు. బస్సులోనూ చప్పట్లు. కాలేజీ అమ్మాయి అందరికంటే గట్టిగా కొట్టింది. స్టేషనమ్మ సిగ్గుపడి కొంగుతో ముఖం తుడుచుకుని, డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, కిటికీకి తల ఆనించింది. కాసేపటికి వంతెన మీద బళ్ళు ఒక్కొక్కటే కదిలాయి.

బస్సు వీధి చివరికి వచ్చేసరికి స్టాపు దగ్గర పది మంది దాకా ఉన్నారు. మీటింగు నుంచి సరాసరి ఇటే వచ్చారు. సెలూన్ ఆయన చేతిలో ఊడిపోయిన పాత పేపరు ఉంది. ఆమె దిగగానే ఏదో వేళాకోళం ఆడాలని సిద్ధంగా ఉన్నాడు.

కండక్టరు ఇచ్చిన మాట మరిచిపోలేదు. గొంతు సవరించుకుని, "ఇటుకబట్టీ! ఇటుకబట్టీ దిగాలి!" అని అరిచాడు. అరిచి, మెప్పుకోసం కిటికీ సీటు వైపు చూశాడు.

దిగేవాళ్ళంతా దిగారు. ఆమె లేవలేదు.

"చూశారామ్మా, మీరు చెప్పినట్టే అరిచాను," అన్నాడు. ఉలుకూ పలుకూ లేదు. పాపం, అలిసిపోయి నిద్రపట్టినట్టుందనుకున్నాడు. దగ్గరికి వెళ్ళి, వంగి, రోజూ పలికే మాటే ఈసారి మెల్లగా పలికాడు.

"స్టేషన్ వచ్చిందమ్మా. లేవండి."

భుజం మీద చెయ్యి వేశాడు. తల కిటికీ మీంచి పక్కకు జారింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. సెలూన్ ఆయన ఎక్కి వచ్చి ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టాడు. ఎంతసేపటికీ ఆ వేలు తీయలేదు. కింద జనంలో ఎవరో ఇంకా నవ్వుతూనే ఉన్నారు, వాళ్ళకు తెలియదు.

నలుగురూ కలిసి ఆమెను దించారు. కొడుకు, కోడలు పరుగెత్తుకుంటూ వచ్చారు. కోడలు చెప్పులు కూడా వేసుకోలేదు. కండక్టరు పక్కన నిలబడి, రేపు పొద్దున సైకిల్ షాపు దగ్గర ఏం చెప్పాలా అని ఆలోచించి, ఏమీ తోచక ఏడ్చాడు.

ఖాళీ బస్సులో, కిటికీ పక్క సీటు మీద సొట్టపడిన స్టీలు డబ్బా, గింజలు తీసిన కమలాతొనల మీద మూత గట్టిగా బిగిసి, తిరుగు ప్రయాణం కోసం ఎదురుచూస్తున్నట్టే ఉండిపోయింది.