పక్క మంచం ఆయన మూడు బంతులు

డ్రైవరు గుండెకు ఆపరేషన్ బాగా జరిగింది. కాలిలోంచి నరం తీసి, పూడుకుపోయిన మూడు చోట్ల కొత్త దారులు వేసి, ఎదురొమ్మును మళ్లీ కుట్టేశారు. బతికి బయటపడినందుకు ఆయన సంతోషించాడా అంటే, సంతోషించేవాడే, పక్క మంచం మీద బాకా మేష్టారు లేకపోతే.

ఇద్దరికీ ఒకే రోజు, ఒకే డాక్టరు, ఒకే బల్ల మీద చేశాడు. పొద్దున మేష్టారికి, మధ్యాహ్నం డ్రైవరుకి. "అక్కడ కూడా నాకంటే ముందే," అన్నాడు డ్రైవరు భార్యతో, మాట పెగలగానే. ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి ఆయన. వెనకనుంచి ఎవడైనా తన బస్సును దాటి వెళ్లిపోతే ఆ పూట అన్నం సయించేది కాదు. లోపల పిల్లలుంటారు కనుక వేగం పెంచడానికి లేదు. ఆ ఉక్రోషమంతా ముప్పై ఏళ్లు కడుపులోనే పెట్టుకున్నాడు. గుండెలో నరాలు పూడుకుపోయింది నూనె తిని కాదు, కుళ్లుకుని కుళ్లుకుని అని ఆయన బావమరిది బహిరంగంగానే అనేవాడు.

మేష్టారు సంగీతం బడిలో బాకా నేర్పుతాడు. పొడుగ్గా, నెరిసిన జుట్టుతో, గడ్డం పెరిగినా చూడముచ్చటగా ఉంటాడు. పెళ్లి చేసుకోలేదు. ఆ లోటు తీర్చడానికన్నట్టు శిష్యులు గుంపులు గుంపులుగా వచ్చిపడేవాళ్లు. డ్రైవరును చూడ్డానికి వచ్చింది బావమరిది ఒక్కడే. వచ్చి ఆయన కోసం తెచ్చిన బత్తాయిలు ఆయన ముందే వలుచుకు తిని వెళ్లాడు.

శనివారం ఇద్దరినీ ఐసీయూ నుంచి రెండు మంచాల గదిలోకి మార్చారు. మధ్యలో పచ్చటి తెర. అప్పుడే వచ్చింది, వార్డులో అందరూ ఊపిరి మేడమ్ అని పిలిచే ఆవిడ. ఇద్దరికీ చెరో చిన్న దిండు ఇచ్చి, దగ్గు వస్తే దాన్ని రొమ్ముకు అదుముకుని దగ్గమంది. చెరో ప్లాస్టిక్ డబ్బా కూడా ఇచ్చింది. అందులో పక్కపక్కనే మూడు గొట్టాలు, ఒక్కో దాంట్లో ఒక్కో బంతి, పక్కనుంచి నోట్లో పెట్టుకునే పైపు.

"ఆపరేషన్‌లో మీ ఊపిరితిత్తులు ముడుచుకుపోయాయి. ఇది వాటిని తెరవడానికి. పైపు నోట్లో పెట్టుకుని గాలి లోపలికి లాగండి. ఊదకూడదు, లాగాలి. బంతులు లేస్తాయి. గంటకు పదిసార్లు. రెండు బంతులు నిలబెట్టినవాళ్లను ఇంటికి పంపిస్తాం," అంది.

డ్రైవరు లాగాడు. రొమ్ములో రంపం పెట్టి కోసినట్టయింది. మొదటి బంతి సగం దాకా లేచి పడిపోయింది. రెండోసారి పైదాకా లేచింది. మేష్టారు పైపు నోట్లో పెట్టుకున్నాడో లేదో, దగ్గు వస్తోందని చెప్పి పక్కన పెట్టేశాడు. ఊపిరి మేడమ్‌కు ఆది, సోమవారాలు సెలవు. రోజూ ఎన్ని బంతులు లేచాయో నర్సుకు చెప్పి మంచానికి తగిలించిన కాగితంలో రాయించుకోమని చెప్పి వెళ్లింది.

ఆదివారం పొద్దున తెర అవతలినుంచి టకటకమని చప్పుడు. నర్సు తొంగిచూసి, "మూడూ లేచాయే," అంది.

"బాకా ఊదిన ఊపిరి కదమ్మా," అన్నాడు మేష్టారు, ఆయాసపడుతూనే.

నర్సు కాగితంలో మూడు అని వేసింది. తర్వాత ఇటు వచ్చి డ్రైవరుకు ఒకటి అని వేసింది. ఆ ఒకటి ఆయన కళ్లలో సూదిలా దిగింది. అది చాలదన్నట్టు భార్య మంచం పక్క కుర్చీలో కూర్చుని మొదలుపెట్టింది.

"చూడండి ఆయన్ని. మీతోపాటే కదా కోయించుకున్నారు. కిక్కురుమనకుండా మూడూ లేపేశారు. మీరేమో ఒక్కదానికే ఊరంతా వినబడేలా మూలుగుతున్నారు."

"అయితే వెళ్లి ఆయన పక్కనే కూర్చో."

"కూర్చుంటాను, తప్పేముంది. పాపం ఎవరూ లేని మనిషి," అని ఆవిడ నిజంగానే బొప్పాయి ముక్కలు కోసి గిన్నెలో పెట్టుకుని తెర అవతలికి వెళ్లింది. అక్కడేదో అన్నాడు మేష్టారు. ఆవిడ నవ్వింది. ఇరవయ్యారేళ్ల కాపురంలో డ్రైవరు మాటకు ఆవిడ అలా నవ్విన రోజు ఆయనకు గుర్తులేదు. పళ్లు నూరుకుంటూ పైపు నోట్లో పెట్టుకుని లాగాడు. ఒకటే లేచింది.

ఆ మధ్యాహ్నం భార్య మందులకని కిందికి వెళ్లింది. మంచం పక్కన పది అడుగులు నడవమన్నారు కదా అని డ్రైవరు లేచి, కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ తెర దాకా వెళ్లాడు. అవతల మళ్లీ టకటక. తెర సందులోంచి చూశాడు.

డబ్బా తలకిందులుగా ఉంది. దాని మీద అచ్చువేసిన అక్షరాలూ, బాణం గుర్తూ తలకిందులుగా ఉన్నాయి. మేష్టారు బుగ్గలు పూరించి, బాకా ఊదినట్టే ఊదుతున్నాడు. తిరగేసి ఊదితే బంతులు ఎగరక ఏం చేస్తాయి. డ్రైవరుకు వెంటనే అర్థమైంది. ముందుకు పోవలసిన బండిని ఈయన రివర్స్ గేరులో నడిపి, బండి కదులుతోంది కదా అని మురిసిపోతున్నాడు.

ఆయన చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చి పడుకున్నాడు. ఆపరేషన్ అయ్యాక ఆయన మనసారా సంతోషించింది అప్పుడే. చెబితే ఏముంది, ఇప్పుడే సరిచేసుకుంటాడు. మంగళవారం మేడమ్ రావాలి, నర్సు ఉండాలి, శిష్యులుండాలి, ముఖ్యంగా తన భార్య ఉండాలి, అందరి ముందూ బయటపడాలి. ఆ ముచ్చట తలుచుకుంటూ హాయిగా నిద్రపోయాడు.

సోమవారం మేష్టారు ఎక్కువగా దగ్గాడు. తెర తీసినప్పుడు చూస్తే ముఖం పీక్కుపోయి ఉంది. నర్సు జ్వరం కొంచెం తగిలిందంది. డ్రైవరుకు ఇప్పుడే చెప్పేద్దామనిపించింది. "మేష్టారూ," అని పిలిచాడు కూడా. అంతలో నలుగురు శిష్యులు పూలగుత్తితో వచ్చారు. వాళ్ల వెనకే తన భార్య. చేతిలో ఫ్లాస్కు, అందులో ఇంట్లో కాచిన సూపు. మొదటి గ్లాసు మేష్టారికి పోసింది.

"ఏమన్నారు అన్నయ్యా," అన్నాడు మేష్టారు.

"ఏం లేదు," అని డ్రైవరు గోడవైపు తిరిగాడు.

మంగళవారం తెల్లవారేసరికి మేష్టారికి ఒళ్లు కాలిపోతోంది. ఊపిరి పైపైనే ఆడుతోంది. ముగ్గురు డాక్టర్లు మంచం చుట్టూ చేరారు. పెద్ద డాక్టరు కాగితం చూసి, "రెండు రోజులుగా మూడు బంతులు లేపుతున్నాడు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉండాలే. కుట్ల లోపల చీము పట్టిందేమో. అవసరమైతే మళ్లీ తెరిచి చూద్దాం," అన్నాడు.

మళ్లీ తెరవడం అనే మాట వినగానే డ్రైవరు చెయ్యి దానంతటదే తన రొమ్ము మీదికి పోయింది. ఆ నొప్పి ఎలాంటిదో ఆ గదిలో తెలిసినవాళ్లు ఇద్దరే. మేష్టారు కళ్లు మూసుకుని పడి ఉన్నాడు.

"డాక్టరుగారూ," అన్నాడు డ్రైవరు. "ఆయన లాగడం లేదండీ. డబ్బా తిరగేసి ఊదుతున్నారు."

గదిలో అందరూ ఆయనవైపు తిరిగారు.

"మీరెప్పుడు చూశారు?"

"ఇప్పుడే. పొద్దున," అన్నాడు.

మంచాన్ని అట్లాగే తోసుకుంటూ మేష్టారిని ఎక్స్‌రేకు, అక్కడినుంచి ఐసీయూకు తీసుకుపోయారు. ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుపోయి నెమ్ము పట్టిందట. ఇంకొక్క పూట ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేమన్నాడు పెద్ద డాక్టరు. వెళ్తూ వెళ్తూ డ్రైవరు భుజం తట్టాడు. భార్య ఆయన్ని ఎప్పుడూ చూడనట్టు చూసింది.

"మీ కళ్లు చల్లగుండ. ఒక ప్రాణం నిలబెట్టారు," అంది. పక్క వార్డుకు వెళ్లి చెప్పింది, లిఫ్టు నడిపే అతనికి చెప్పింది, తమ్ముడికి ఫోన్ చేసి మరీ చెప్పింది. "మా ఆయన బయటికి అలా కనబడతారు గానీ మనసు వెన్న."

ఇరవయ్యారేళ్లుగా ఆయన ఏ మాట కోసం కాచుకు కూర్చున్నాడో ఆ మాట వచ్చింది. వస్తే, అది గొంతులో ముల్లులా అడ్డం పడింది. పక్కన మంచం ఖాళీగా ఉంది. ఆయన ఆ రోజంతా డబ్బా పట్టుకుని లాగుతూనే ఉన్నాడు. సాయంత్రానికి రెండో బంతి లేచింది. చూడ్డానికి తెర అవతల ఎవరూ లేరు.

డ్రైవరు ఇంటికి వచ్చిన పది రోజులకు మేష్టారూ ఇల్లు చేరాడు. చేరిన మర్నాటినుంచి రోజూ ఎనిమిదింటికి ఫోన్. "అన్నయ్యా, మీ పుణ్యమే." శిష్యుల చేత పళ్లు పంపేవాడు. భార్య ఆ పళ్లు వీధిలో పంచుతూ కథంతా మొదటినుంచీ చెప్పేది. చివరికి బావమరిది కూడా, "నిన్ను తప్పుగా అనుకున్నాను బావా," అన్నాడు. డ్రైవరుకు పండు నోట్లో పెట్టుకుంటే మింగుడుపడేది కాదు. అంత గొప్పగా కృతజ్ఞత చూపగలిగే ఆ మనిషి మీద మళ్లీ ఒళ్లు మండేది. ఇందులో కూడా తనకంటే ముందే ఉన్నాడు. నిజం చెప్పేద్దామని ప్రతిరోజూ అనుకునేవాడు. చెబితే భార్య ముఖంలో ఆ కొత్త వెలుగు ఆరిపోతుంది. చెప్పకపోతే ఎనిమిదింటికి ఫోన్ మోగుతుంది.

ఆరో వారం ఇద్దరినీ ఒకే రోజు చూపించుకోవడానికి రమ్మన్నారు. డాక్టరు గది బయట బల్ల మీద లావుపాటి పుస్తకం ఒకటి ఉంది. బాగుపడినవాళ్లు అందులో నాలుగు మాటలు రాసి వెళ్తారు. డ్రైవరు, భార్య వచ్చేసరికి మేష్టారు అప్పటికే రాసి కూర్చున్నాడు. భార్య ఆత్రంగా తీసి పైకే చదివింది. డాక్టరు గురించి మూడు వాక్యాలు. మిగతా పేజీ అంతా పక్క మంచం ఆయన గురించి. కూర్చున్నవాళ్లందరూ డ్రైవరును చూశారు. ఒకాయన లేచి చెయ్యి కలపబోయాడు.

డ్రైవరు ఆ చెయ్యి పట్టుకోలేదు. వెళ్లి మేష్టారి పక్కన కూర్చున్నాడు.

"మేష్టారూ, ఆ పేజీ కొట్టేయండి. నేను మంగళవారం కాదు, ఆదివారమే చూశాను. రెండు రోజులు చెప్పలేదు."

భార్య చేతిలో పుస్తకం అలాగే ఉండిపోయింది. మేష్టారు మాత్రం మెల్లగా తలూపాడు.

"తెలుసు అన్నయ్యా. తెర కింద మీ కట్టు కట్టిన కాలు కనబడింది. నేను రాసింది దాని గురించే."

డ్రైవరుకు అర్థం కాలేదు.

"నేను తెలిసే తిరగేశాను. శనివారం నాకు ఒక్క బంతి కూడా కదల్లేదు. దగ్గని బొంకాను. నలభై ఏళ్లు బాకా ఊదినవాణ్ణి, బస్సు తోలే మనిషికి లేచింది నాకు లేవలేదంటే ఎంత నామర్దా. ఇటు చూస్తే వదిన కుర్చీ వేసుకుని కూర్చుని మిమ్మల్ని దబాయించి లాగిస్తోంది. నన్ను తిట్టడానికి ఎవరున్నారు. కడుపు మండిపోయింది. మీరు చూశాక, అయిపోయింది, వార్డంతా నవ్వుతారనుకున్నాను. మీరు నోరు మెదపలేదు. నా పరువు కాపాడడానికి రెండు రోజులు దాచారు, ప్రాణం మీదికి వచ్చాకే చెప్పారు. అలాంటి మనిషిని నేను చూడలేదు."

ఇక్కడ ఆగిపోతే సరిపోయేది. అంతకంటే మంచి విస్తరి ఎవరు వేస్తారు. డ్రైవరు కూడా ఒక్క క్షణం ఆ మాట మింగేద్దామనే చూశాడు. కానీ ఎదురుగా ఆ పీక్కుపోయిన బుగ్గలున్నాయి.

"పరువూ లేదు, పాడూ లేదు," అన్నాడు నేలచూపులు చూస్తూ. "మీరు అందరి ముందూ దొరికిపోతే చూద్దామని దాచాను. నాకు సంతోషం వేసింది. సోమవారం మీకు జ్వరమని తెలిశాక కూడా చెప్పలేదు. ఈవిడ మీకు ముందు సూపు పోసిందని."

భార్య పుస్తకం బల్ల మీద పెట్టి, లేచి, కుళాయి దగ్గరికి వెళ్లింది. గ్లాసుతో నీళ్లు తెచ్చి మేష్టారికిచ్చింది. మళ్లీ ఆయనకే ముందు. డ్రైవరు ఆ గ్లాసునే చూస్తూ కూర్చున్నాడు.

లోపలినుంచి మేష్టారికి పిలుపు వచ్చింది. ఆయన నీళ్లు తాగి లేచాడు. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"మీకిప్పుడు ఎన్ని లేస్తున్నాయి?"

"రెండు."

"నాకు మూడు. డబ్బా తిన్నగా పెట్టే," అని, రొమ్ముకు చెయ్యి అదుముకుని నవ్వుతూ లోపలికి వెళ్లాడు. ఆ పేజీ కొట్టెయ్యలేదు.

డ్రైవరు వచ్చి తన భార్య పక్కన కూర్చున్నాడు. ఆవిడ సంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకునే ఉంది.

"ఏమే, ఇక నేను చెడ్డవాణ్ణేనా?" అన్నాడు చిన్న గొంతుతో.

"మీరు మంచివారని నేను ఇరవయ్యారేళ్లలో ఎప్పుడనుకున్నాను కనక," అంది ఆవిడ. "ఈ నెలన్నరా ఎవరితో కాపురం చేస్తున్నానో తెలియక హడలిపోయాను. మీరు కుళ్లుబోతే. కానీ ఆ మనిషి మీకు బంగారు పీట వేస్తే దిగి నేల మీద కూర్చున్నారు చూడండి, అది కొత్త." ఆవిడ ఆయన మాత్రలు తీసి అరచేతిలో పెట్టి, మేష్టారు తాగిన గ్లాసే మళ్లీ నింపుకొచ్చి ఇచ్చింది.

ఆయన మాత్రలు మింగాడు. ఈసారి గొంతులో ఏమీ అడ్డం పడలేదు. డాక్టరు గది తలుపువైపు ఒకసారి చూశాడు.

"మూడట," అన్నాడు. "సంచిలో ఆ డబ్బా ఉందా? ఇలా తియ్యి."