క్లిప్పు తీయని పుస్తకం

పేరు చూసి పుస్తకాన్ని మెచ్చుకునేవాళ్ళంటే ఆవిడకు ఒళ్ళుమంట. అందుకే సమీక్షకు వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ముందు భర్త చేతిలో పెట్టేది. ఆయన ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్కు. అట్టకు పాత పేపరు తొడిగి, మొదటి నాలుగు పేజీలూ కలిపి బట్టల క్లిప్పు తగిలించి, ఏమీ ఎరగనట్టు టేబుల్ మీద పడేసేవాడు. రాసిందెవరో, అది కట్టుకథో జరిగిన కథో తెలియకుండా చదివి తీర్పు చెప్పడం ఆవిడ పద్ధతి. సమీక్ష రాయడం ముగించాక క్లిప్పు తీసి, పొరపాటుంటే దిద్దుకుని అప్పుడు పంపేది.

ఆదివారం పేపర్లో ఆవిడ శీర్షిక పేరు ‘మూడు పుస్తకాలు’. ఒకటి ఊహాలోకాలది, ఒకటి నిజాలది, ఒకటి బొమ్మలది. ఆఫీసులో అందరూ ఆవిడను క్లిప్పమ్మ అనేవారు. పైకి విసుక్కునేది గానీ లోపల మహా గర్వంగా ఉండేది.

ఈ వారం బొమ్మల పుస్తకం ఆవిడను మూడు చెరువుల నీళ్ళు తాగించింది. లిఫ్టులో ఇరుక్కున్న ముగ్గురి కథ, మొదటి నుంచి చివరిదాకా ఒక్క మాట లేదు. మాటల్లేని పుస్తకం గురించి మాటలు వెతుక్కునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అవతల పేజీ చూసే కుర్రాడు ఫోన్ మీద ఫోన్. “అక్కా, పంపుతారా, ఆ చోట్లో ప్రకటన వేసుకోమంటారా?” అన్నాడు. ప్రకటన అనే మాటకు రోషం వచ్చి మూడు సమీక్షలూ ఉన్నపళంగా పంపేసింది. క్లిప్పులు తీయలేదు.

ఆదివారం ఉదయం పేపర్లో తన శీర్షిక చూసుకుని, టీ తాగి, పుస్తకాలు అల్మరాలో సర్దబోయింది. నిజాల కింద రాసిన తాళాల చరిత్ర పుస్తకానికి క్లిప్పు తీసింది. బాగానే ఉంది. ఊహాలోకాల కింద తాను సమీక్షించిన పుస్తకానికి క్లిప్పు తీసింది. మొదటి పేజీలో నల్లటి గీతల మధ్య అచ్చేసి ఉంది.

“సమీక్షకులకు మనవి. ఇది రచయిత్రి జీవితంలో జరిగిన కథ. అక్క పోయిన సంగతి తల్లికి చెప్పలేక, అదే ఇంట్లో వంటింట్లోంచి, అక్క గొంతుతో తానే ఆరేళ్ళుగా రోజూ ఫోన్ చేస్తున్నారు. పుస్తకాన్ని అక్క మాటల్లోనే రాశారు, తన పేరు మార్చుకున్నారు. తల్లిగారికి చూపు లేదు. పేపరు మాత్రం చదివించుకుని వింటారు. దయచేసి ఫోన్ల సంగతి రాయకండి.”

పేపరు లాక్కుని తన రాతే మళ్ళీ చదువుకుంది. ‘చనిపోయిన మర్నాడు సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను’ అనే మొదటి వాక్యాన్ని చూసి దాన్ని దెయ్యం కథ అనుకుంది మరి. ఓడలో వంట చేసే పెద్దమ్మాయి, పరాయి రేవులో జ్వరం, రోజూ ఆరింటికి ఫోన్ — ఒక్కటి కూడా వదలకుండా పూసగుచ్చినట్టు రాసింది. చివర తీర్పు కూడా చెప్పింది: “కూతురి గొంతులో తేడా ఆ తల్లికి ఆరేళ్ళలో ఒక్కసారైనా తెలియదట! కన్నతల్లి ఎక్కడైనా ఇలా మోసపోతుందా? రచయితకు దెయ్యాల సంగతి తెలిసినంతగా తల్లుల సంగతి తెలియదు.” ఈ వాక్యం రాసినప్పుడు తన భుజం తానే తట్టుకున్న సంగతి గుర్తొచ్చి ఆవిడకు సిగ్గుతో చెవులు కాలాయి.

పేజీ కుర్రాడికి ఫోన్ చేసింది.

“మీరు కథ అని రాశారు, నేను కథ కింద వేశాను,” అన్నాడు వాడు నిద్రమత్తులో. “పేరు కోసం అట్ట చూశా గానీ లోపల చూళ్ళేదక్కా. వచ్చే ఆదివారం దిద్దుబాటు వేద్దాంలెండి.”

“ఆ పెద్దావిడ వినేది ఈ ఆదివారం రా నాయనా!”

ప్రచురణకర్త చాలాసేపటికి దొరికాడు. “మొదటి పేజీలోనే వేశాం కదమ్మా, ఇంతింత అక్షరాలతో! అది కూడా చూడకుండా ఎట్లా రాశారు?” అన్నాడు. ఆ పేజీకి బట్టల క్లిప్పు పెట్టించానని చెప్పడానికి ఆవిడకు నోరు రాలేదు. రచయిత్రి ఫోన్ తీయడం లేదని, తీస్తే మీ నంబరు ఇస్తానని చెప్పి టక్కున పెట్టేశాడు.

ఇక అక్కడి నుంచి ఆవిడ కాలు ఒకచోట నిలవలేదు. వంటింట్లోకి వెళ్ళి ఎందుకు వచ్చానా అని నిలబడింది. తాళాల పుస్తకం తెరిచి ఒకే వాక్యాన్ని పదే పదే చదివి మూసేసింది. ఇప్పుడు ఎవరింట్లోనో, చూపులేని ఒక ముసలావిడ ముందు, ఎవరో తన వాక్యాలు గొంతెత్తి చదువుతుంటారు. కూతురు పోయిందన్న కబురు ఆ తల్లికి తన వెటకారంతో కలిపి చేరుతుంది. చెంబుతో నీళ్ళు తెచ్చి కిటికీలోని మొక్కకు పోసింది. కాసేపాగి మళ్ళీ పోసింది.

“ఆ మొక్కకి ఈత రాదే,” అన్నాడు భర్త, ఏదో మోటారు విప్పుకుంటూ.

“అంతా మీ క్లిప్పు వల్లే.”

“క్లిప్పు పెట్టమన్నది నువ్వు. కంపెనీ ఏదో చూడకుండా నేనైతే ఏ ఫ్రిజ్జూ విప్పను బాబూ.” అనేశాడు గానీ, ఆవిడ మొహం చూసి మోటారు పక్కన పెట్టాడు. “కూర్చో కాసేపు. పొద్దుట్నించీ ఏమీ తిన్లేదు నువ్వు.”

మధ్యాహ్నం ఫోన్ మోగింది. పరుగెత్తి తీసింది. ఎవరిదో ఫ్రిజ్ చల్లబడటం లేదట. ఆవిడ ఆ మనిషికి క్షమాపణ చెప్పేసింది, ఆయనకు ఏమీ అర్థం కాలేదు.

పొద్దు వాలుతుండగా మళ్ళీ మోగింది.

“మూడు పుస్తకాలు రాసేది మీరేనా?” ఆడగొంతు, బాగా ఏడ్చి ఆగిన గొంతు. “ఆ చెల్లెల్ని నేనే.”

“అమ్మా, నన్ను క్షమించు. మొదటి పేజీ చూడలేదు. చూడకుండా చదవడం నా గొప్ప అనుకున్నాను. అమ్మగారు…”

“విన్నది. నేను బజారుకెళ్ళాను. పక్కింటి పిన్నిగారు మామూలుగానే పేపరంతా చదివి వినిపించారు. వచ్చేసరికి అమ్మ కుర్చీలో కూర్చునుంది. దగ్గరికి రమ్మంది. ‘ఇందులో ఉన్నది మనమేనా?’ అంది.”

“ఇంకేమన్నారు?” అంది ఆవిడ.

“‘ఆ రాసినావిడ నిన్ను బాగానే తిట్టిందే’ అని నవ్వింది. ‘నాకు మొదటి రోజే తెలుసు’ అంది. గొంతు బట్టి కాదట. ఫోన్లో నేను ‘తిన్నావా అమ్మా’ అని అడిగానట. ‘నా తిండి సంగతి పెద్దదానికి ఎప్పుడు పట్టిందే? ఎంతసేపూ తన గోలే దానికి. అలా అడిగేది నువ్వొక్కదానివే’ అంది.”

“మరి ఇన్నేళ్ళూ…”

“అదే అడిగాను, ఎందుకు చెప్పలేదమ్మా అని. ‘చెప్తే మానేస్తావు కదా’ అంది. మీ మీద నాకు కోపంగానే ఉందండీ. అబద్ధం చెప్పను. అమ్మకి ఏమన్నా అయ్యుంటే మిమ్మల్ని వదిలేదాన్ని కాదు. కానీ ఆరేళ్ళు గోడకి అటు ఆవిడ, ఇటు నేను, ఒకరికి తెలీకుండా ఒకరం ఏడ్చాం. ఇవాళ మధ్యాహ్నం మొదటిసారి ఇద్దరం కలిసి ఏడ్చాం.”

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. “వచ్చే వారం దిద్దుబాటు రాస్తాను. నా తప్పంతా ఒప్పుకుని రాస్తాను.”

“రాయండి. కథ కాదు, జరిగిందేనని రాయండి. నాకు తల్లుల సంగతి తెలియదన్నారే, అది మాత్రం దిద్దకండి. అది నిజమే.”

ఇంతలో అవతల ఎక్కడో లోపలి నుంచి ఒక ముసలి గొంతు, కాస్త చిరాగ్గా, వినబడింది.

“ఇంకా ఎంతసేపే ఆ మాటలు? ఆరు కావస్తోంది. ఫోన్ పెట్టెయ్. అక్క చేసే వేళయింది.”

“పెట్టేస్తానండీ,” అంది చెల్లెలు గబగబా. “వంటింట్లోకి వెళ్ళాలి.”