సొట్ట సోల, రెండు చాటలు

నేను ఒక సోలను. ఇత్తడి సోలను. బియ్యం కొలిచే దాన్నని ఇప్పటి పిల్లలకు విడమరిచి చెప్పాల్సి వస్తోంది, వాళ్ళకు కిలోలే తెలుసు మరి. నా అడుగున ఒక సొట్ట ఉంది. అది కింద పడి వచ్చింది కాదు, కావాలని కొట్టింది.

నన్ను చేసిన కంచరి నిజాయితీగానే చేశాడు. కొన్నవాడు కోనసీమలో బియ్యం కొట్టు పేర్రాజు. తెచ్చిన రోజే సుత్తి పుచ్చుకుని నా అడుగును లోపలికి కొట్టాడు. ఆ దెబ్బతో నాలో పట్టే బియ్యం పిడికెడు తగ్గిపోయింది. కొట్టు గోడకు దేవుడి పటం, పటం కింద నేను. ఆయన రోజూ పొద్దున్నే మా ఇద్దరికీ కలిపి దణ్ణం పెట్టేవాడు. ఎవరి మీద భక్తి ఎక్కువో నాకు ఇప్పటికీ తెలియదు.

కొట్లో బియ్యం చెరిగే ఆడవాళ్ళకు కూలి నాతోనే కొలిచేవాడు. వాళ్ళలో సువార్తమ్మ ఒకతె. పేర్రాజు పోయి, కొట్టు మూతపడి, సామానంతా పాత ఇత్తడి కింద అమ్ముతుంటే ఆవిడ వచ్చి నన్నే ఏరుకుంది.

"దానికి సొట్టుందమ్మా, ఇంకోటి తీసుకో," అన్నాడు అమ్మేవాడు.

"నాకు తెలవదేంటి? నా కూలి తిన్న సొట్టే అది. ఇక నా ఇంట్లో పడుంటాది," అంది.

ఆ ఇంట్లో ఒక ఆచారం చూశాను. నాతో బియ్యం కొలిచి కుండలో పోసే ముందు సువార్తమ్మ పిడికెడు తీసి పక్క డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా చర్చికి వెళ్ళేది. అసలే నాలో పిడికెడు తక్కువ, అందులోంచి మళ్ళీ పిడికెడు! వీళ్ళకు లెక్కలు రావనుకున్నాను.

సువార్తమ్మ కొన్నేళ్ళు మస్కట్లో ఇంటిపని చేసి వచ్చింది. ఆ డబ్బుతోనే కొడుకు ఏలియా చదువుకున్నాడు. పెద్దయ్యాక అతనూ మస్కటే వెళ్ళి, ఒక గోడౌన్లో స్టోర్ కీపర్ అయ్యాడు. అతని భార్య దీవెన, మూడేళ్ళ కూతురు షారోను ఊళ్ళో అత్త దగ్గరే ఉన్నారు. షారోనుకు నాన్నంటే ఫోన్. అన్నం ముద్ద కలిపి ఫోన్ మూతికి పెట్టేది. దాని సందుల్లో మెతుకులు ఇరుక్కుంటే దీవెన పిన్నీసుతో తీసేది. కిందటేడు ఏలియా సెలవు మీద వస్తే ఆ పిల్ల నాయనమ్మ వెనక దాక్కుని, "నాన్న అందులో ఉన్నాడు," అని ఫోన్ చూపించింది.

ఒక రోజు ఏలియా ఫోన్లో అన్నాడు: "కంపెనీవోళ్ళు ఫ్యామిలీ వీసాకి ఒప్పుకున్నారు. మనోడొకడు గది ఖాళీ చేత్తన్నాడు. శుక్రవారంలోగా చెప్పకపోతే ఇంకోళ్ళకి పోద్ది. వత్తారా?"

"ఖర్చెంతవుద్దో చూసి చెప్తానండి," అంది దీవెన. గుండె మాత్రం అప్పుడే విమానం ఎక్కేసింది.

ఏలియా ఫోన్ పట్టుకుని అక్కడి దుకాణమంతా తిప్పి చూపించాడు. ఆమె ప్రతి ధరనూ రూపాయల్లోకి మార్చుకుని గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్‌బాబోయ్! కొబ్బరికాయకి డబ్బులిత్తారా?"

"ఇవ్వకపోతే పోలీసోళ్ళకి పట్టిత్తారే."

"కరేపాకుక్కూడానా?"

"కరేపాకు చెట్టుని ఇసుకలో పెంచి చూడు, తెలుత్తాది."

దీవెనకు కాగితం మీద లెక్కంటే భయం. మర్నాడు మధ్యాహ్నం అరుగు మీద రెండు చాటలు పెట్టుకుని, నన్ను తీసుకుని, సోలకు ఇన్ని రూపాయలని అనుకుని, బియ్యంతో లెక్క మొదలెట్టింది. ఒక చాట ఊరు, ఒక చాట మస్కట్. గది అద్దెకు ఇన్ని సోలలు, పాలకు ఒక సోల, పిల్ల బడికి ఇంకో సోల. మస్కట్ చాట అంచులు దాటి నేల మీదికి జారింది. ఊరి చాటలో అడుగు కనిపిస్తూనే ఉంది. ఇల్లు సొంతం, కొబ్బరికాయలు పెరట్లోవి, కరివేపాకు పక్కింటిది. దీవెన కళ్ళనీళ్ళు నా అంచు మీద పడ్డాయి. "మన వల్ల కాదులే," అని పిల్లను ఒళ్ళోకి లాక్కుంది.

రోజూ వీధిలో నడిపే ఇడ్లీల బండి కట్టేసి సువార్తమ్మ అప్పుడే ఇంటికొచ్చింది. చాటల్ని చూసింది. కోడలు చెప్పిందంతా విని, నడుం మీద చెయ్యి వేసుకుంది.

"బాగానే ఉంది గానీ, మీ ఆయన్ని ఏ చాటలో పోశావే?"

దీవెన రెండు చాటల్నీ మార్చి మార్చి చూసింది.

"ఇప్పుడు ఆడు అక్కడ గాలి తాగి బతుకుతున్నాడా? పదిమంది పడుకునే గదిలో మంచానికి అద్దె కట్టట్లా? మెస్సులో తిండికి ఇవ్వట్లా? ఏటేటా టిక్కెట్టు కొనట్లా? అదంతా మీరు ఊళ్ళో ఉంటున్నందుకయ్యే కర్చే కదే!" అంటూ నన్ను లాక్కుని ఊరి చాటలో పోయడం మొదలెట్టింది. "ఇది మంచానికి. ఇది మెస్సుకి. ఇదిగో, చెట్టెక్కి కాయలు దింపేవోడి కూలి. కాయలు ఊరికే వత్తన్నాయనుకున్నావా? ఇల్లొకటే గానీ పొయ్యిలు రెండు ఎలుగుతున్నాయి మనకి."

ఊరి చాట లేచింది, లేచింది. అయినా మస్కట్ చాటకు సోలెడు తక్కువగానే ఆగింది.

"సోలెడు ఎక్కువే అత్తా అక్కడ," అంది దీవెన, బెంగగా.

సువార్తమ్మ నన్ను బోర్లా తిప్పి సొట్ట చూపించింది. "దీంతో కొలుచుకునే ఇన్నేళ్ళు వండుకున్నాం. తక్కువైందని ఎవరం చావలేదు." ఆ పైన గొంతు తగ్గింది. "నేను మస్కట్ ఎల్లినప్పుడు ఆడికీ మూడేళ్ళే. తిరిగొచ్చి ఎత్తుకోబోతే 'మీరెవరండీ' అన్నాడు. నా కొడుకు నన్ను మీరన్నాడే! ఆ కర్చు ఏ చాటలో పోత్తావ్?"

దీవెన నేల మీదికి జారిన బియ్యం పోగుచేసింది. "మరి నువ్వో?" అంది.

"నన్ను ఏ చాటలోనూ పొయ్యక్కర్లా. నా సోలెడు నా ఇడ్లీలు సంపాదిత్తాయి. ఫోన్ చెయ్, గది పోద్ది."

దీవెన శుక్రవారం దాకా ఆగలేదు, ఆ సాయంత్రమే ఫోన్ చేసింది.

సామాను సర్దేటప్పుడు, "కరెంటు కుక్కర్‌తో కొలత కప్పు వత్తాదే, సోలెందుకు?" అని ఏలియా ఫోన్లోంచి గోల పెట్టాడు. దీవెన విననట్టే షారోను గౌనులో నన్ను చుట్టి పెట్టెలో పెట్టింది. అలా నేను సముద్రం దాటాను.

ఇప్పుడు మస్కట్లో ఒక చిన్న గది, వంటింటి కిటికీ. బియ్యం కొలిచేది ప్లాస్టిక్ కప్పే. దీవెన మొదట్లో ప్రతిదీ రూపాయల్లోకి మార్చి చేతిలోకి తీసుకున్నవాటిని తిరిగి అరల్లో పెట్టేసేది. ఇప్పటికీ నెలాఖరుకు డబ్బుకు ఇబ్బందే. కానీ మొన్న కొబ్బరికాయ కొంటూ ధర మార్చుకోవడం మరిచిపోయిందట. చెవి దగ్గర పెట్టుకుని ఊపి, నీళ్ళున్నాయో లేవో మాత్రం చూసిందట. ఏలియా అది చెప్పి చెప్పి నవ్వాడు. షారోను ముద్ద కలిపి ముందు అతని నోట్లో పెట్టి, తర్వాత అలవాటు కొద్దీ ఫోన్‌కూ పెట్టింది. ఇప్పుడు ఫోన్లో నాయనమ్మ ఉంటోంది.

ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి చర్చిలో ప్రార్థన కూడా ఆ రోజే. రోజూ కప్పుతో కొలిచాక దీవెన పిడికెడు బియ్యం తీసి నాలో వేస్తుంది. మొదటి పిడికెడు నా సొట్ట చుట్టూ సర్దుకుంటుంది. పేర్రాజు సుత్తి దెబ్బతో పోయింది సరిగ్గా అంతే. గురువారానికి నేను నిండి, అంచు పైన గోపురం కట్టి ఉంటాను.