జోలపాటకు ఒక మాట

కాలరు మీద నీళ్లు చిలకరించి, ఇస్త్రీపెట్టె ఆనించి, ఆయన "ఎద్దు" అన్నాడు.

కిటికీ అవతల మంచంమీద పడుకున్న భార్య కళ్లు తెరిచింది.

"జోలపాటలోకి ఎద్దును తోలుకొచ్చారా? ఇంట్లో ఒకటుంది, చాలు."

వసారాలో ఇస్త్రీబల్ల, గదిలో మంచం, మధ్యన కిటికీ. పాటలు కట్టేది ఆమె. బడిపిల్లలకు, నాటకాలవాళ్లకు, అడిగినవాళ్లందరికీ కట్టి ఇచ్చింది. ప్రాస కుదిరే మాటలు వెతికేది ఆయన. ఇస్త్రీపెట్టె ముందుకు పోయేటప్పుడు ఆమె పాదం, వెనక్కి వచ్చేటప్పుడు ఆయన మాట. చాలావాటిని ఆమె తిప్పికొట్టేది. ఆయన ఇంకొకటి తెచ్చేవాడు.

ఇప్పుడామెకు ఊపిరి చాలడం లేదు. డాక్టరు మందులు మార్చడం మానేశాడు. పక్కవీధిలో ఉండే కూతురికి నెలలు నిండుతున్నాయి. ఆ బిడ్డను ఎత్తుకునేదాకా తాను ఉండనని ఆమెకు తెలుసు. పాటైనా ఉండాలని పట్టుబట్టింది.

చివరి రెండు పాదాలే మిగిలాయి. "ముద్దుల కూనా, మూయవే కన్ను" అని ఒకటి వచ్చింది. దాని జోడుపాదం ఎత్తుకోవడానికి మాట చిక్కడం లేదు.

"గుద్దు?"

"పసిగుడ్డునా?"

"మొద్దు?"

"మళ్లీ మీరేనా."

"వద్దు?"

"పుట్టీ పుట్టగానే వద్దంటామా?" అని నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు తగ్గేదాకా ఆయన బట్టమీద పెట్టె ఆనించలేదు.

మధ్యాహ్నానికి వీధిలో బళ్లు పలచబడ్డాయి. ఎదురింటి చెట్టు ఆకులు కదులుతున్నాయి గానీ చప్పుడు లేదు. ప్యాంటు మడతపెడుతున్న చెయ్యి ఆగిపోయింది.

"సద్దు," అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు.

ఆమెకు వినపడింది. పెదవులు కదిలాయి.

"సద్దు చేయని గాలి జోకొట్టు నిన్ను."

ఆయన కిటికీ దగ్గరకు వెళ్లాడు. తానిచ్చింది ఒక్క మాట. ఎన్నేళ్లు చూసినా ఈ విడ్డూరం ఆయనకు పాతబడలేదు.

"గాలి ఎక్కడిదే?"

"కిటికీలోంచే వచ్చింది. మీరు అడ్డం నిలబడకండి."

సాయంత్రం కూతురు నడుం పట్టుకుని వచ్చి, తల్లి పక్కన కూర్చుని, నోటి దగ్గర చెవి పెట్టింది. ఆమె ఊపిరితోనే పాడింది. కూతురు ముక్క ముక్కా అందుకుంది. తల్లి అరచేతిని తన కడుపుమీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, మొదటినుంచీ తానే పాడసాగింది.

ఆయన బల్ల దగ్గరనుంచి తలెత్తి చూశాడు. భార్య గుండెలమీది దుప్పటి కదలడం లేదు.

పిలవబోయాడు. లోపల బిడ్డ కదిలినట్టుంది, పాడుతున్న కూతురి ముఖం విప్పారింది. ఆయన కిటికీ చువ్వ పట్టుకుని, పాట చివరిదాకా నిలబడ్డాడు.

"కుదిరిందా నాన్నా?" కళ్లు తెరవకుండానే అడిగింది.

"కుదిరిందమ్మా," అని లోపలికి వెళ్లాడు.

బల్లమీద ఎవరిదో చొక్కా ఉండిపోయింది. ఒక చెయ్యి తీరుగా పరుచుకుని ఉంది. రెండో చేతి ముడతలమీద, చిలకరించిన నీటిచుక్కలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.