ముక్క గలావిడ

ఫిషింగ్ హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీ మెట్ల దగ్గర దీవెనమ్మ డబ్బా మూత తీసి పట్టుకుని నిలబడింది. లోపల తాతబాబు ఐసు దిమ్మని మరలోకి తోస్తున్నాడు. మర గరగరలాడి తెల్లటి ముక్కల్ని తట్టలోకి కక్కుతోంది. చేపల కోసం వచ్చిన ఆడవాళ్ళు తట్టలు ముందుకు జరుపుకుంటూ ఒకరినొకరు తోసుకుంటున్నారు. వాళ్ళ మధ్య దీవెనమ్మ నీలం డబ్బా వేరేగా కనిపిస్తుంది. దాని పట్టీ ఎప్పుడో తెగిపోతే పాత చీర అంచు పేని కట్టుకుంది.

"ఏటప్పా, ఎప్పుడొచ్చినా ఐసే పట్టుకెల్తావు. ఒక్క సేపైనా పట్టుకెల్లడం సూడ్నేదు" అన్నాడు తాతబాబు, పారతో ఐసు ఎత్తుతూ.

"నా సేపలు ఆసుపత్రిలో ఉన్నాయిరా."

"అయ్యి కూరకి పనికిరావు గావాల."

"నీకు పనికొత్తాయంటే సెప్పు, రేపు తెత్తాను."

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. దీవెనమ్మ నవ్వలేదు. మూత బిగించి డబ్బా భుజానికెత్తుకుంటుంటే పొత్తికడుపులో కలుక్కుమంది. మెట్టు మీద ఒక్క క్షణం ఆగి, ఊపిరి వదిలి కిందికి దిగింది.

ఆమె పనిచేసేది ఒక పరిశోధనశాలలో. గాజు సామాను కడగడం, గదులు తుడవడం, ఆసుపత్రి నుంచి ముక్కలు తేవడం ఆమె పనులు. గర్భసంచి ముఖం దగ్గర పుండు పడ్డ ఆడవాళ్ళ నుంచి డాక్టర్లు పరీక్ష కోసం చిన్న ముక్క తీస్తారు. అందులోంచి వడ్లగింజంత ఈ లేబ్‌కి ఇస్తారు. దాన్ని ఐసులో పెట్టి తేవాలి. వెచ్చబడితే అందులోని ఎంజైమ్ చచ్చిపోతుంది. వేసవిలో లేబ్‌లోని ఐసు మెషీను పాడైంది. బాగుచేయించమని కాగితాలు పెట్టారట. ఆ కాగితాలు ఎక్కడ తిరుగుతున్నాయో తెలియదు గానీ, ఐసు మాత్రం దీవెనమ్మ భుజాన పడింది.

యాభై దాటిన మనిషి. సన్నటి ముంజేతుల నిండా ఆసిడ్ చుక్కలు పడి మానిన మచ్చలు. సబ్బునీళ్ళలో నాని నాని వేళ్ళ చివర్లు నున్నగా అరిగిపోయాయి. హాజరుకి వేలు పెడితే మెషీను ఆమెని గుర్తుపట్టదు. చీర కొంగుకి తుడిచి మళ్ళీ పెడుతుంది, మళ్ళీ పెడుతుంది. చివరికి ఎవరో ఒకరు విసుక్కుంటూ వచ్చి చేత్తో రాస్తారు.

ఆసుపత్రిలో ఆడవాళ్ళ విభాగం దగ్గర రోజలిన్ ఎదురుచూస్తోంది. దీవెనమ్మ వెళ్ళే చర్చికే వచ్చే పిల్ల, అక్కడ నర్సు. కిందటి వారం దీవెనమ్మ వెనక్కి తిరిగి వెళుతుంటే చీర మీద మరక చూసింది ఈమే. చెయ్యి పట్టి పక్కకి లాగి అడిగితే దీవెనమ్మ, "బరువులెత్తుతాను గదే, అందుకే" అంది. ముట్లు నిలిచిపోయి రెండేళ్ళయ్యాక మళ్ళీ ఎప్పట్నుంచి కనబడుతోందంటే, మామిడికాయల కాలం నుంచి అని చెప్పింది.

"పిన్నీ, వారం వారం నువ్ మోసుకెల్లే ముక్కలు ఎవరివనుకుంటన్నావు? ఇలాగొచ్చినోల్లయ్యే గదా" అంది రోజలిన్ కోపంగా.

దీవెనమ్మకి ఆ సంగతి తెలియక కాదు. ఆ రోగం మంచాల మీద ఉన్నవాళ్ళది. తను డబ్బా పట్టుకుని వచ్చి వెళ్ళిపోయే మనిషి. ఇన్నేళ్ళూ ఆ గుమ్మం బయట నిలబడి ముక్కలు అందుకుంది. లోపలున్న బల్ల వైపు చూడాల్సిన అవసరం తనకి ఉంటుందని ఏనాడూ అనుకోలేదు.

ఈ రోజు డబ్బాని గుమ్మం దగ్గర పెట్టి తనే లోపలికి వెళ్ళింది.

బయటికి వచ్చేసరికి మొహం పాలిపోయింది. రోజలిన్ గోడవారగా కూర్చోబెట్టి టీ తాగించింది. తర్వాత చిటికెన వేలంత గొట్టాలు మూడు తెచ్చింది. రెండు వార్డులో వాళ్ళవి. మూడోదాని మీద గుండ్రటి అక్షరాలతో నలభై ఒకటి అని రాసి ఉంది.

"ఇది నీది పిన్నీ. వేరే ఎవరిసేతైనా పంపనా?"

"ఎవరున్నారే? ఐసులో నిలువుగా గుచ్చాలి. అందరికీ తెలీదు." దీవెనమ్మ గొట్టాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. లోపల వాడిన గులాబీ రేకు మడత లాంటిది. "పెద్ద రిపోర్టు ఎప్పుడొస్తది?"

"వారం పడతది."

"మావోల్లయితే ఈయేళే సూసేత్తారు."

"ఆల్లు రోగం సూడరు పిన్నీ, పరిశోధన సేత్తారు. నువ్ వారానికిక్కడికే రావాల."

ఆటోలో డబ్బా ఎప్పుడూ కాళ్ళ దగ్గర పెట్టుకునేది. ఈ రోజు ఒళ్ళో పెట్టుకుంది. పూర్ణా మార్కెట్ దగ్గర అరటి గెలల లారీ అడ్డం తిరిగి బళ్ళన్నీ ఆగిపోయాయి. మూత సందులోంచి నీళ్ళు కారి చీర తడిసింది. దీవెనమ్మ కొంగు మడిచి మూత సందుకి అదిమి పట్టింది.

"బాబూ, సందులోంచి పోనీ. ఐసు కరిగిపోతంది."

"సేపలేటి?" అన్నాడు ఆటో అబ్బాయి.

"అవును" అంది ఆమె.

లేబ్‌లో జ్యోతిర్మయి అప్పటికే కోటు తొడుక్కుని రెడీగా ఉంది. పీహెచ్‌డీ చివరి సంవత్సరం. "ఇంత లేటయితే ఎలా దీవెనమ్మా?" అంటూ డబ్బాలో చెయ్యి పెట్టి చూసి, "పర్లేదు, చల్లగానే ఉన్నాయి" అంది. మనసు చెడ్డది కాదు. పనిచేస్తూ పైకి చదువుకోవడం అలవాటు, వినడానికి ఎవరో ఒకరు ఉంటే చాలు. ఈ రోజూ ఐసు గిన్నె దీవెనమ్మ చేత పట్టించి, చిన్న రోకలితో ముక్కని నూరుతూ చెప్పుకుపోయింది. వైరస్ కణంలో దూరుతుంది. కణానికి ఉండే కళ్ళేలన్నీ తెంపేస్తుంది. అప్పుడా కణం ఆవురావురుమంటూ చక్కెర తినేసి పెరుగుతుంది. ఆ ఆకలి వెనక ఎంజైమ్ ఉంటుంది. అది ఎంత ఉందో ఇందులో కలిపే మందు రంగు చెబుతుంది.

దీవెనమ్మ వినడం లేదు. రోకలి కింద నలుగుతున్నదాన్ని చూస్తోంది. ఇప్పటివరకూ ఎన్నిటికి గిన్నె పట్టుకుందో లెక్కలేదు. ఈసారి గిన్నె ఓ పక్కకి ఒరిగింది.

"గట్టిగా పట్టుకో దీవెనమ్మా."

నూరిన రసాలు వేరే గాజు గొట్టాల్లో పోసి, మందు కలిపి, వరసగా స్టాండులో నిలబెట్టారు. చివర ఒకటి రోగం లేని కండతో చేసింది, పోల్చి చూసుకోవడానికి. అది లేత రంగులోనే ఉండిపోయింది. వార్డు వాళ్ళవి రెండూ గులాబీ రంగుకి తిరిగాయి. నలభై ఒకటి చూస్తుండగానే ఎర్రబడి, దానిమ్మ గింజ రంగుకొచ్చి, ఇంకా ముదిరింది.

"అబ్బ, ఏం వచ్చింది. సార్‌ని పిలువు" అంది జ్యోతిర్మయి.

శివరామకృష్ణ సారు వచ్చి కళ్ళద్దాలు పైకి నెట్టి చూశారు. "ఇన్నాళ్ళకి ఒక మంచి శాంపిల్ దొరికింది. ఫోటో తీసుకో. ముక్క కొంచెం మిగిలిందిగా? ఫ్రీజర్లో పెట్టు, మళ్ళీ చేద్దాం" అని వెళ్ళిపోయారు.

దీవెనమ్మ స్టాండు దగ్గరే నిలబడింది.

"అమ్మా, ఇంతెర్రగొత్తే రోగం ముదిరినట్టేనా?"

"ఒక్క రంగుతో చెప్పలేం. సాధారణంగా అయితే అంతే."

"మరి ఆవిడికి సెప్తారా?"

"ఎవరికి?"

"ఈ ముక్క గలావిడికి."

జ్యోతిర్మయి ఫోన్‌తో ఫోటో తీస్తూనే ఉంది. "మనకి పేర్లు రావుగా. నంబరే. ఆ చెప్పడాలు హాస్పిటల్ వాళ్ళు చూసుకుంటారు." ఫోన్ దించి చూసింది. "ఏం, ఎందుకు?"

ఆ ఒక్క మాటా ఎవరైనా అడుగుతారని ఆసుపత్రి నుంచి ఇక్కడి దాకా ఎదురుచూసింది దీవెనమ్మ. కానీ కోటు తొడుక్కున్న ఆ చిన్నపిల్ల ముందు తన చీర కింది సంగతి ఎలా ఎత్తాలి? రేపు తనని ఇక్కడ పనికి పెట్టిన కంపెనీ వాడికి తెలిస్తే జబ్బు మనిషని పనిలోంచి తీసేయడూ?

"ఏటీ లేదమ్మా, ఊరికే."

"అయితే ఇవి కడిగెయ్. మధ్యాహ్నం ఇంకో సెట్ పెట్టాలి."

తొట్టి దగ్గర ఒక్కొక్క గొట్టమే వంచింది. ఆ ముదురెరుపు నీళ్ళలో పడి దారంలా సాగి, తిరిగి తిరిగి కన్నంలోకి జారిపోయింది. గొట్టంలో బ్రష్ పెట్టి మామూలుగా రుద్దే దానికంటే ఎక్కువసేపు రుద్దింది.

సాయంత్రం జ్ఞానాపురంలో ఇంటికి వెళ్ళేసరికి మొగుడు విజయరత్నం ఆటోనగర్‌లో నైట్ డ్యూటీకి బయల్దేరుతున్నాడు. అక్కడొక షెడ్డుకి వాచ్‌మేన్. ఆమె క్యారేజీ కట్టి చేతికిచ్చింది.

"రోజీ ఏటందే?"

"వారం పడతదంది. మా లేబ్‌లో ఈయేళే సూసేసారు. ఎర్రగొచ్చింది."

"మరి మీవోల్లేటన్నారు?"

దీవెనమ్మ పొయ్యి మీది గిన్నె దించింది. "మంచి శాంపిలన్నారు."

అతను క్యారేజీ మూత ఒకసారి తీసి మళ్ళీ బిగించాడు. తర్వాత చెప్పులు వేసుకున్నాడు.

వారానికి ఆసుపత్రి రిపోర్టు వచ్చింది. కరెంటు పెట్టడం, అంటే రేడియేషన్, మొదలెట్టారు. లేబ్‌లో మాత్రం ఒంట్లో నలతగా ఉందని చెప్పింది. కొన్నాళ్ళు కరెంటు పెట్టించుకుని, ఆసుపత్రి మెట్లు దిగి, అట్నుంచటే డబ్బా తీసుకుని లేబ్‌కి వచ్చేది. తర్వాత రాలేకపోయింది. కంపెనీ వాళ్ళు నూకాలు అనే అమ్మాయిని పంపించారు. ఆ అమ్మాయి ఐసు మోయనంది. పది రోజుల్లో మెషీను బాగైంది.

జ్ఞానాపురం వీధుల్లో క్రిస్మస్ నక్షత్రాలు కడుతున్న రోజుల్లో దీవెనమ్మ పోయింది. సమాధుల తోటలో గోడవారగా చోటు దొరికింది.

తర్వాతి సోమవారం విజయరత్నం లేబ్‌కి వచ్చి, ఆమె దగ్గరుండిపోయిన తాళంచెవీ నీలం డబ్బా బల్ల మీద పెట్టాడు. జ్యోతిర్మయి లేచి నిలబడింది.

"అయ్యో. ఏమైందండీ?"

"కేన్సరమ్మా. ఆడోల్లకొచ్చేది."

"అదేంటి, మాతో ఒక్క మాట చెప్పి ఉంటే..."

విజయరత్నం ఆమె వైపు వింతగా చూశాడు. "మీకు తెలుసుననుకున్నానమ్మా. ముందు మీరే గదా సూసింది. తన ముక్క తనే తెచ్చిందంట. ఎర్రగొచ్చిందని సెప్పింది."

అతను దండం పెట్టి వెళ్ళిపోయాడు. జ్యోతిర్మయి ఏదో అడగడానికి గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. వెనక్కి వచ్చి ఫ్రీజర్ తలుపు తెరిచింది. చల్లటి పొగ మొహాన కొట్టింది. అరల నిండా గొట్టాలు, అన్నిటి మీదా నంబర్లే. ఎర్రగా వచ్చినవి అప్పట్నుంచి ఎన్నో, ఏది ఆమెదో ఎలా తెలుస్తుంది? ఐసు మెషీను పక్కనే గలగలమంటోంది. తలుపు మూసేసింది.

లోపల మూడో అరలో, నలభై ఒకటి అని గుండ్రటి అక్షరాలతో రాసిన గొట్టం మంచు పట్టి నిలువుగా నిలబడి ఉంది.