కూత ఆగాక

గణేష్‌బాబుని క్షమించానని రత్నమాణిక్యం నలుగురిలో ఒక్క మాట అంటే చాలు, మిగతాదంతా తాను చూసుకుంటానన్నారు దొరబాబుగారు. కాఫీ తాగేసి గ్లాసు కింద పెడుతూ, పేరంటానికి పిలిచినంత తేలిగ్గా అన్నారు.

దొరబాబుగారు ఆమె మామగారికి తమ్ముడు. పెనుగొండ రోడ్డులో రైసుమిల్లు ఉంది. ఊళ్ళో హైస్కూలు కమిటీకి ప్రెసిడెంటు ఆయనే. డ్రిల్లు మాస్టారు రిటైరై వెళ్ళిపోయాక ఆడపిల్లల కబడ్డీ జట్టుని పట్టించుకునే దిక్కు లేకుండా పోయింది. ఆ జట్టులో రత్నమాణిక్యం కూతురు దుర్గాశ్రీ ఉంది. పదో తరగతి చదువుతోంది. జిల్లా సెలక్షన్స్ దగ్గర పడుతున్నాయి, అందులో నెగ్గితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు వస్తుందని ఆ పిల్ల సరిగా అన్నం కూడా తినడం లేదు. ఊళ్ళో కబడ్డీ నేర్పగలిగినవాడు గణేష్‌బాబు ఒక్కడే. అతను జైలుకి వెళ్ళొచ్చినవాడు. అలాంటివాణ్ణి ఆడపిల్లల మధ్యకి ఎలా రానిస్తామని కన్నవాళ్ళు గొణుగుతున్నారు.

"వాణ్ణి లోపల వేయించింది నువ్వే కదా అమ్మాయ్. నువ్వే పోన్లే అంటే ఇంకెవడు నోరెత్తుతాడు?" అన్నారు దొరబాబుగారు.

భర్త నాగేశ్వరప్రసాద్ పక్కనే నిలబడి తలూపాడు. గుమ్మం చాటున కూతురు ఊపిరి బిగబట్టి వింటోందని రత్నమాణిక్యానికి తెలుసు.

"ఆలోచించి చెబుతానండి మావయ్యగారూ" అంది.

నిజానికి ఆలోచించడానికి కొత్తగా ఏమీ లేదు. దుర్గాశ్రీ ఇంకా బడిలో చేరని రోజుల నాటి ఆ సాయంత్రం ఆమె కళ్ళ ముందు నుంచి ఎప్పుడూ కదల్లేదు.

గణేష్‌బాబు అప్పుడు రాష్ట్ర జట్టు ఆటగాడు. ఎడమ మూల నిలబడేవాడు. కూతకొచ్చినవాడి చీలమండ అతని చేతికి చిక్కిందంటే వాడింక గీత చేరడని చుట్టుపక్కల ఊళ్ళన్నిటా చెప్పుకునేవారు. రైల్వేలో ఉద్యోగం ఖాయమైంది. మొగల్తూరులో కప్పు గెలుచుకొచ్చిన రోజున స్నేహితులతో కలిసి వీళ్ళ కొబ్బరితోటలో చేరి తాగారు. తోటని ఆనుకునే పశువులపాక. నీ పట్టులోంచి మనిషి తప్పించుకోలేడు సరే, గేదె దూడైతేనో అన్నాడు వాళ్ళలో ఎవడో. రత్నమాణిక్యం కుడితి బకెట్టు పట్టుకుని వెళ్ళేసరికి గణేష్‌బాబు పెయ్యదూడ వెనక్కాలు రెండు చేతులా బిగించి నేల మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ నవ్వులు. దూడ అరుస్తోంది. తల్లి గేదె పలుపు తెంచుకోబోతోంది. వదులు గణేష్‌బాబూ అంది ఆమె. అతను తలెత్తి చూశాడు. ఆమెనే చూస్తూ నవ్వి, ఇంకాస్త మెలిపెట్టాడు. దూడ అరుపు ఆగిపోయింది. ఆగాక కూడా అతను వదల్లేదు. చెరుకుగడ విరిచినట్టు చప్పుడైంది.

వారం తిరక్కుండానే పెయ్య చచ్చిపోయింది. గేదె పాలు చేపడం మానేసింది. పాలేరు దూడ తోలులో ఎండుగడ్డి కూరి, కుట్టి, ఉప్పునీళ్ళు చల్లి తెచ్చి ముందు నిలబెడితే, దాన్ని నాకుతూ నాకుతూ పాలిచ్చింది. దుర్గాశ్రీ ఆ గడ్డిదూడ మూతి దగ్గర పచ్చిగడ్డి పరకలు పెట్టి తినమని బతిమాలేది. ఇప్పుడా పిల్లకి అదేమీ గుర్తు లేదు.

మామగారు కోపం మీద కేసు పెట్టారు. కోపం చల్లారాక దొరబాబుగారు మధ్యలో ఉండి రాజీ మాట్లాడారు. సాక్షులు ఒక్కొక్కరూ తామేమీ చూడలేదన్నారు. ఆ ఇంటి ఆడవాళ్ళు అంతకుముందు కోర్టు మెట్లెక్కింది లేదు. డిగ్రీ చదివిన కోడలు కాబట్టి ఏదో తెలివిగా మాట్లాడి బయటపడుతుందని అందరూ అనుకున్నారు. ఆమె బోనెక్కి చూసింది చూసినట్టు చెప్పింది. గణేష్‌బాబుకి ఆరు నెలల శిక్ష పడింది. రైల్వే ఉద్యోగం పోయింది. మామగారు పోయేదాకా కోడలి చేతి కాఫీ ముట్టలేదు.

జైలు నుంచి వచ్చాక గణేష్‌బాబు ఊళ్ళో నిలవలేదు. రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉన్నాడని కొన్నాళ్ళు, రావులపాలెంలో అరటిగెలలు లారీలకెత్తుతున్నాడని కొన్నాళ్ళు అనుకున్నారు. తల్లి మంచాన పడితే తిరిగొచ్చాడు. ఆవిడ పోయింది, అతను ఉండిపోయాడు. వీధిలో రత్నమాణిక్యం ఎదురైతే పక్కకి తప్పుకుని నిలబడేవాడు. ఒక్కసారీ పలకరించలేదు.

ఆ పూట భోజనాల దగ్గర దుర్గాశ్రీ కంచంలో అన్నం కెలుకుతూ అంది. "నా కోసం కూడా అనలేవా అమ్మా? చచ్చింది దూడే కదా."

రత్నమాణిక్యం గరిటె పట్టుకున్న చెయ్యి ఆగింది. ఆపైన పప్పు వడ్డించింది.

మర్నాడు దొరబాబుగారింటికి వెళ్ళి తన మాట చెప్పింది. క్షమించానని అనదు. అలాగని అడ్డమూ చెప్పదు. సెలక్షన్స్ అయ్యేదాకా అతన్ని నేర్పనివ్వమంది. తను రోజూ వచ్చి కూర్చుంటుంది, ఆ తర్వాత కమిటీ ఏమడిగితే అది చెబుతుంది. తల్లి ఒకావిడ ఎదురుగా కూర్చుంటుందంటే మిగతావాళ్ళూ ఒప్పుకున్నారు.

అలా రోజూ సాయంత్రం స్కూలు వరండాలో కూర్చుని లేసు అల్లుకుంటూ చూసేది. లేసు మీద కన్నా ఆట మీదే ఎక్కువ చూపు ఉండేది. గణేష్‌బాబు పిల్లల్ని ముట్టుకునేవాడు కాదు. పట్టు చూపించడానికి అరటి బోదెలు తెచ్చేవాడు. బోదెని నిలబెట్టి, అదే కాలనుకుని పట్టుకోమనేవాడు. బోదె మీద వేళ్ళ గుర్తు పడిందంటే పట్టు తప్పు. కదలకుండా ఆపాలి, నలగకూడదు. అన్నిటికన్నా ఎక్కువగా చెప్పింది ఒకటే. కూతకొచ్చిన పిల్ల నోట్లో కూత ఆగిన క్షణంలో చేతులు తెరుచుకోవాలి. విజిల్ కోసం చూడకూడదు. తెరుచుకోని పిల్లని ఆ రోజుకి గీత బయట కూర్చోబెట్టేవాడు.

మంచివాడయ్యాడా అని తనని తాను అడిగేది రత్నమాణిక్యం. అతను వంగి అరటి బోదె పట్టుకున్నప్పుడల్లా ఆమెకి ఆ సాయంత్రం నవ్విన మొహమే కనపడేది.

జట్టులో లోవమ్మ కూతురు సాయిప్రసన్న ఉంది. లోవమ్మ వీళ్ళ పొలాల్లో ఊడ్పులకీ కోతలకీ వచ్చే మనిషి. ప్రసన్న సన్నగా, గాలిలా ఉండేది. కూతకి వెళ్ళిందంటే ఎవరికీ చిక్కేది కాదు. దుర్గాశ్రీ నిలబడేది ఎడమ మూల, ఒకప్పుడు గణేష్‌బాబు నిలబడిన చోటే. సెలక్షన్స్ ముందు ఆడిన ఆటలో ప్రసన్న దుర్గాశ్రీ చేతుల్లోంచి వరుసగా జారిపోయింది. మిగతా పిల్లలు నవ్వారు. మీ పాలేరు నీకన్నా తిన్నగా పట్టుకుంటాడే అంది ఒకతె. దుర్గాశ్రీ మొహం కందగడ్డలా అయింది.

ఆ తర్వాత కూతలో ప్రసన్న చీలమండ దొరికింది. ప్రసన్న పడిపోయింది. కూత ఆగిపోయింది. విజిల్ మోగింది. అరచేత్తో నేల మీద కొడుతోంది ఆ పిల్ల, వదలమని. దుర్గాశ్రీ వదల్లేదు. నవ్విన పిల్లల వైపు ఒకసారి తలెత్తి చూసి, కాలు మెలిపెట్టింది.

రత్నమాణిక్యం ఒళ్ళోంచి లేసు దారం ఉండ దొర్లిపోయింది. ఆమె లేచేలోపే గణేష్‌బాబు మోకాళ్ళ మీద పడి దుర్గాశ్రీ వేళ్ళు ఒక్కొక్కటే విడదీస్తున్నాడు.

"నువ్వింక గీత లోపలికి రాకు. సెలక్షన్స్‌కీ రావద్దు" అన్నాడు.

"ఆటలో తగిలింది సార్. కావాలని కాదు. ఆటే కదా."

"నేనూ అదే చెప్పానమ్మా, జడ్జిగారితో" అన్నాడు గణేష్‌బాబు.

ప్రసన్నని తణుకు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎముక విరగలేదు గానీ లోపల నరం తెగింది, నడుస్తుంది గానీ పరుగు కష్టమని డాక్టరు చెప్పాడు. పిండికట్టు వేసి పంపించాడు.

నాగేశ్వరప్రసాద్ ఇల్లెగిరిపోయేలా అరిచాడు. దూడ కాలు విరిచినవాడు మన పిల్లకి బుద్ధి చెప్పేవాడయ్యాడా అన్నాడు. దొరబాబుగారు కూడా వచ్చారు. ఈసారి కాఫీ వద్దన్నారు. కమిటీ కూర్చుంటుందనీ, వాణ్ణి క్షమించలేనని రత్నమాణిక్యం ఒక్క మాట అంటే చాలనీ, వాణ్ణి పంపించేసి దుర్గాశ్రీని సెలక్షన్స్‌కి తాను స్వయంగా తీసుకెళ్తాననీ చెప్పారు.

"పోన్లే అనమన్నది కూడా మీరేగా మావయ్యగారూ" అంది ఆమె.

"అప్పటి సంగతి వేరమ్మాయ్."

కమిటీ హెడ్మాస్టరు గదిలో కూర్చుంది. గణేష్‌బాబు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతను తన వైపు ఏమీ చెప్పుకోలేదు. దొరబాబుగారు గొంతు సవరించుకున్నారు.

"ఎక్కువ మాటలొద్దు. నువ్వు వాణ్ణి క్షమించావా లేదా? అదొక్కటే చెప్పు."

క్షమించానంటే అది అబద్ధం. ఆ అబద్ధంతో ఒక మనిషికి తిండి నిలబడుతుందనీ, ఇంకెందరో పిల్లలకి చేతులు తెరవడం వస్తుందనీ ఆమెకి తెలుసు. దూడ మొహం గుర్తొచ్చింది. ప్రసన్న నేల మీద కొట్టిన చెయ్యి గుర్తొచ్చింది.

"లేదండి" అంది. "క్షమించలేదు. కానీ మొన్న తప్పు చేసింది మా అమ్మాయి. కూత ఆగాక కూడా వదల్లేదు. ఈయనే వదిలించారు. నేను కళ్ళారా..."

దొరబాబుగారు అప్పటికే కుర్చీ వెనక్కి జరిపి లేచారు. "విన్నారుగా అందరూ" అన్నారు. హెడ్మాస్టరు తల దించుకుని బల్ల మీద కాగితాలు సర్దుకున్నారు. ఆమె మిగతాది కూడా చెప్పింది, చివరిదాకా, లేచి వెళ్తున్న వీపులకి.

గేటు దగ్గర గణేష్‌బాబు ఆగి ఉన్నాడు.

"నన్ను క్షమించమని మిమ్మల్ని అడిగింది దొరబాబుగారండి వదినగారూ. నేను కాదు" అన్నాడు.

"తెలుసు."

అతను వెళ్ళబోయి వెనక్కి తిరిగాడు. "ఆ గేదె ఉందాండీ?"

"లేదు. ఇంకో ఈత ఈనలేదు. ఆ గడ్డిదూడ ముందుంటేనే చేపేది. తోలు చిరిగి గడ్డి బయటికొచ్చినా దాన్నే నాకేది."

అతనికి ఈ సంగతి తెలియదు. ఏదైనా అనాలని ఆమెకి అనిపించింది గానీ, నోట్లోకి వచ్చిన మాటలేవీ నిజం కావు. అతను రావులపాలెం బస్సెక్కి వెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది.

సెలక్షన్స్ రోజున దుర్గాశ్రీ తెల్లవారకముందే బూట్లు వేసుకుని కూర్చుంది. దొరబాబుగారి కారు వచ్చి వీధిలో ఆగింది. రత్నమాణిక్యం కూతురి చెయ్యి పట్టుకుంది. కారు దాటించి నడిపించుకుంటూ పోయింది. వెనకాల భర్త కేకలు వీధంతా వినపడ్డాయి. ఆమె వెనక్కి తిరగలేదు. దుర్గాశ్రీ ఏడుస్తూ, చెయ్యి లాక్కుంటూ నడిచింది. కాలవ గట్టు మీద, లోవమ్మ ఇంటిదాకా.

లోవమ్మ కంగారుపడి పైటకొంగుతో బల్ల తుడిచింది. వద్దంటున్నా వినకుండా టీ పెట్టబోయింది. ప్రసన్న కట్టుకట్టిన కాలు దిండు మీద పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఎందుకొచ్చారో అర్థం కాగానే లోవమ్మే ముందు అందుకుంది.

"పోన్లెండి అమ్మగారూ. ఆడుకునేటప్పుడు తగుల్తాయి. అమ్మాయిగారు కావాలని చేశారా ఏంటి?"

దుర్గాశ్రీ భుజాలు సడలాయి. ఏడుపు ఆగింది. రత్నమాణిక్యం ఆ మొహంలోకి చూసింది. తేలిగ్గా అయిపోయింది, ఇంక వెళ్ళొచ్చు అన్నట్టుంది ఆ మొహం. వచ్చే ఊడ్పులకి పని ఉండాలి కాబట్టి లోవమ్మ నోటి నుంచి ఇంకో మాట రాదు. తన దగ్గరికి దొరబాబుగారు వచ్చి అడిగింది కూడా ఇలాంటి పోన్లేనే.

"అలా అనకు లోవమ్మా" అంది. "మా అమ్మాయిని క్షమాపణ అడగనివ్వు. అడిగాక కూడా నువ్వు పోన్లే అనక్కర్లేదు. మా పొలం పనికీ దీనికీ సంబంధం లేదు."

లోవమ్మ భయంగా చూసింది. ఏమంటే ఈవిడకి నచ్చుతుందో ఆమెకి తెలియలేదు. అన్నేళ్ళుగా అలవాటైన మాట వద్దంటే ఇంకో మాట ఆమె దగ్గర లేదు.

గోడ వైపున్న పిల్ల మెల్లగా ఇటు తిరిగింది. దుర్గాశ్రీని చూసింది.

"నా కూత ఆగిపోవడం నీకు వినపడలేదా?"

దుర్గాశ్రీ తల్లి వైపు చూసింది. రత్నమాణిక్యం కళ్ళు తిప్పుకోలేదు, సాయమూ చెయ్యలేదు. కారు హారను దూరంగా మోగింది. ఆపకుండా మోగుతూనే ఉంది.

"వినపడింది" అంది దుర్గాశ్రీ.

ప్రసన్న కాసేపు ఆమెనే చూసి, మళ్ళీ గోడ వైపు తిరిగిపోయింది. రత్నమాణిక్యం లేవలేదు. కూతురిని లేవమనలేదు.